అరవై ఏళ్ల పండుగకు కేసినో ప్రయాణమా?



ఈ మధ్య మన ఆసుపత్రి మందుల కౌంటరు దగ్గర ఒక సహోదరి ఒక సంగతి చెప్పారు. వచ్చే నెల ఆమె భర్తకు అరవై ఏళ్లు నిండుతాయట. పిల్లలు ఆయనను గోవా తీసుకువెళ్లి, నది మీద ఓడలో ఉండే కేసినోలో పుట్టినరోజు చేస్తారట. "ఒక్క రాత్రే కదండీ, సరదాకి. తప్పేమీ లేదు కదా?" అని అడిగారు. వెనుక వరుసలో జనం ఉన్నారు. "చూద్దాం అమ్మా" అని మాత్రమే అని మందులు ఇచ్చి పంపేశాను. ఆమెకు చెప్పవలసిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇది మా ఇంటి సంగతి కూడాను. మా అక్క, బావగారు ఒప్పుకున్న తరువాతే రాస్తున్నాను.

మా బావగారు రైస్ మిల్లులో లెక్కలు చూసేవారు. రూపాయి తేడా వస్తే రాత్రి నిద్రపోయేవారు కాదు. 2022 డిసెంబరులో ఆయనకు అరవై నిండాయి. మన సంఘాలలో అలవాటు ఏమిటో మీకు తెలుసు. ఇంటి ముందు షామియానా వేసి, పాస్టరు గారిని పిలిచి కృతజ్ఞతా కూడిక పెట్టుకుని, కేకు కోసి, వచ్చిన వారికి భోజనం పెడతాము. అక్క కూడా అదే కోరుకుంది. కానీ హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న మేనల్లుళ్లు ఇద్దరూ నాకు ఫోను చేసి, "మామయ్యా, నాన్న జీవితంలో ఏమి చూశాడు? ఒక్కసారి గోవా చూపిస్తాము, నువ్వు అమ్మకు చెప్పు" అన్నారు. నేనే అక్కను ఒప్పించాను. ఆ మాట దాచను.

ఆ రాత్రి బావగారు గెలిచారు. పద్దెనిమిది వేలు. తిరిగి వచ్చి నాకొక చొక్కా గుడ్డ కూడా తెచ్చారు. ఆ తరువాత మిల్లు పని ఉందని, స్నేహితుని ఇంట్లో పెళ్లి ఉందని చెప్పి మూడుసార్లు ఒంటరిగా బస్సెక్కి అక్కడికే వెళ్లారు. ఊళ్లో డబ్బు పెట్టి పేకాట మొదలుపెట్టారు. ఎనిమిది నెలల తరువాత అక్క గాజులు బీరువాలో లేవని తెలిసింది. మొత్తం నాలుగు లక్షల పైన పోయింది. సంఘ కమిటీలో ఆయన పేరు తీసేశారు. నేను కూడా ఆయనను నోటికి వచ్చినట్లు అన్నాను.

మొదట లెక్క సంగతి చెబుతాను. కేసినోలో తిరిగే చక్రం ఒకటి ఉంటుంది, దానిని రౌలెట్ అంటారు. ఒక రకం చక్రంలో 0 నుండి 36 వరకు మొత్తం 37 అంకెలు ఉంటాయి. ఒక అంకె మీద 100 రూపాయలు పెట్టి గెలిస్తే, మీ వందతో కలిపి 3,600 ఇస్తారు. బాగానే ఉందనిపిస్తుంది. అయితే 37 అంకెల మీదా తలా 100 పెట్టి చూడండి. మీరు పెట్టింది 3,700, మీకు తప్పకుండా వచ్చేది 3,600. ప్రతి తిప్పుకూ వంద వాళ్లది. ఇంకొక రకం చక్రంలో 38 అంకెలు ఉంటాయి. అక్కడ పెట్టేది 3,800, వచ్చేది అదే 3,600. ఇందులో మోసమేమీ లేదు, ఆట కట్టడమే అలా కట్టారు. ఒక్క రాత్రి ఎవరైనా గెలవవచ్చు. ఎక్కువ సేపు కూర్చునేవాడు మాత్రం ఓడవలసిందే. ఇది చాలదన్నట్లు, కేసినోపై 28 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతం చేశారు.

గోవాలో కేసినోలు చట్టబద్ధమే కదా అని కొందరంటారు. నిజమే. అక్కడి జూద నిషేధ చట్టాన్ని 1992లో, మరల 1996లో సవరించి, ముందు పెద్ద హోటళ్లలో యంత్రాలకు, తరువాత ఓడలలో బల్లల మీద ఆటలకు అనుమతి ఇచ్చారు. పణజిలో మాండవి నది మీద ఆ ఓడలు కనిపిస్తాయి. అయితే ఆ గోవా ప్రభుత్వమే 2020 ఫిబ్రవరి 1 నుండి తమ రాష్ట్ర ప్రజలు కేసినోలో ఆడకూడదని నిషేధం పెట్టింది. తన పిల్లలకు వడ్డించని పదార్థాన్ని పొరుగింటి వారికి వడ్డిస్తే, మనం కొంచెం ఆలోచించుకోవద్దా?

ఇక ఆరోగ్యం మాట. అరవై నిండిన మనిషికి ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఊహించండి. నిద్ర ఉండదు. భోజనం వేళ తప్పుతుంది. గంటల తరబడి ఒకే కుర్చీ. చుట్టూ మద్యం. గుండె దడదడలాడే ఉద్వేగం. షుగరు మాత్రలు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు తిండి వేళ తప్పితే ఎక్కడైనా పడిపోవచ్చు. 2000 సంవత్సరంలో అమెరికాలోని ఒక పేరుపొందిన వైద్య పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. కేసినోలలో గుండె ఆగి పడిపోయినవారికి అక్కడి సెక్యూరిటీ సిబ్బందే విద్యుత్ షాకు యంత్రంతో చికిత్స చేశారు. ఆ యంత్రం పనిచేసే రకంగా గుండె ఆగిన 105 మందిలో 56 మంది బ్రతికి ఇంటికి వెళ్లారు. వైద్యులకు అది సంతోషకరమైన వార్త. నాకు మాత్రం వేరొక ఆలోచన వచ్చింది. కాపలావాళ్లకు ఆ యంత్రం నేర్పించవలసినంతగా అక్కడ మనుషులు పడిపోతున్నారన్నమాట.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాను. మా బావగారికి అంతకు ఏడాది ముందే పార్కిన్‌సన్స్ జబ్బు ఉన్నట్లు తేలింది. మనవాళ్లు వణుకు రోగం అంటారు. దానికి ప్రామిపెక్సోల్ అనే మాత్ర వాడుతున్నారు. గోవా వెళ్లడానికి నెల ముందే మోతాదు పెంచారు. ఈ మాత్ర, దీని వంటిదే రోపినిరోల్ అనే మాత్ర, మెదడులో డోపమైన్ చేసే పనిని తాము చేస్తాయి. వణుకు, బిగుతు తగ్గుతాయి. కానీ "ఇంకొక్కసారి" అనే కోరికను పుట్టించేది కూడా ఆ డోపమైన్ దారే. అందువలన కొందరిలో ఎన్నడూ లేని జూదపు పిచ్చి, అతిగా కొనడం, అతిగా తినడం, అదుపు లేని కామవాంఛ మొదలవుతాయి. 2005లోనే అమెరికా వైద్యులు ఇలా జూదంలో పడిన 11 మంది రోగుల సంగతి ప్రచురించారు. 2010లో వెలువడిన, 3,090 మంది రోగులపై జరిగిన పరిశీలనలో, ఈ తరగతి మందులు వాడేవారిలో నూటికి సుమారు 17 మందిలో ఇటువంటి అలవాట్లలో ఏదో ఒకటి కనిపించింది.

ఇన్నేళ్లుగా మందుల కౌంటరులో నిలబడినవాడిని. ఆ మాత్రల పెట్టె నా చేతులతోనే ఆయనకు ఇచ్చాను. ఒక్కసారి కూడా "బావగారూ, కొత్త కోరికలేమైనా వస్తున్నాయా?" అని అడగలేదు. గాజుల సంగతి బయటపడిన తరువాత నరాల డాక్టరు గారు ఆ ప్రశ్న అడిగారు. మోతాదు మెల్లమెల్లగా తగ్గించి మందు మార్చారు. కొన్ని వారాలకు ఆయనలో ఆ ఆరాటం తగ్గింది. అప్పు మాత్రం తగ్గలేదు. ఇప్పటికీ కడుతున్నారు.

అంతా మందు చేసిందేనని నేననను. మందు తలుపు తీసింది. ఆ తలుపు ముందుకు ఆయనను తీసుకువెళ్లి నిలబెట్టింది మేము. మందు వాడకపోయినా ఈ వ్యసనం ఎవరికైనా రావచ్చు. జూద వ్యసనం ఒక జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చింది.

కనుక ఆ సహోదరికి నా జవాబు ఇది. అమ్మా, గోవా వెళ్లండి. సముద్రం చూడండి, పాత గోవాలో నాలుగు వందల ఏళ్లనాటి దేవాలయాలు చూడండి. ఆ ఓడ మాత్రం ఎక్కవద్దు. సిలువ క్రింద సైనికులు చీట్లు వేసుకున్నది ఎవరి వస్త్రము కొరకో మనకు తెలుసు. ఒకరు పోగొట్టుకుంటేనే మరొకరికి వచ్చే సొమ్ముతో, దేవుడిచ్చిన అరవై ఏళ్లకు కృతజ్ఞత చెప్పడం నా మనసుకు ఒప్పదు. పిల్లలకు ఒక మాట. మీ నాన్న చూడనిది కేసినో కాదు, మిమ్మల్ని. ఆయనతో రెండు రోజులు గడపండి. కంటి పరీక్ష, షుగరు, బీపీ, గుండె పరీక్ష చేయించండి. మిగిలిన డబ్బుతో మన వార్డులో ఒక పూట భోజనం పెట్టించండి.

సంఘ పెద్దలకు కూడా ఒక విన్నపము. ఎవరైనా అకస్మాత్తుగా జూదంలో పడితే, కమిటీలో పేరు కొట్టివేసే ముందు ఆయన వాడే మందుల చీటీ చూడమనండి. అయితే మందు ఎవ్వరూ సొంతంగా ఆపకూడదు. అకస్మాత్తుగా ఆపితే ప్రమాదము. డాక్టరు గారిని కలవండి. సిగ్గుపడి ఇంట్లో చెప్పుకోలేనివారు ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఖర్చు ఉండదు.

పోయిన పుట్టినరోజుకు మా బావగారి ఇంట్లో షామియానా లేదు, కేకు లేదు. పదిమందిమి చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాము. చివర ఆయన లేచి నిలబడి, అందరి ఎదుట అక్కను క్షమాపణ అడిగారు. తరువాత నేను కూడా లేచి ఆయనను క్షమాపణ అడిగాను.

ప్రభువు మీ కుటుంబములను కాపాడును గాక. ఆమేన్.