సిరాజ్ కార్డు సరే.. చేతికొచ్చిందేంటి?

ఐపీఎల్ వచ్చిందంటే బెంగళూరులో హడావుడి చిన్నస్వామి స్టేడియం దగ్గరే కాదు, మారతహళ్లి, కె.ఆర్.పురం పీజీల్లోనూ కనిపిస్తుంది. అక్కడి మన తెలుగు కుర్రాళ్లలో చాలామందికి సాఫ్ట్‌వేరే బతుకుదెరువు. కాబట్టి క్రికెటర్ల డిజిటల్ కార్డుల యాప్‌ల వైపు వాళ్లని లాగింది బ్లాక్‌చెయిన్ మీద మోజేననుకుంటే పొరపాటే.

లాగింది పాత సరదానే. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మలు దాచుకోనిదెవరు? 'ఇది నా ఒక్కడి దగ్గరే ఉంది' అనే గర్వం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దానికి రెండు తోడయ్యాయి. కార్డుతో ఆడితే బహుమతి వస్తుందన్న ఆశ ఒకటి, రేపు ఎక్కువ ధరకి అమ్ముకోవచ్చన్న ఆశ మరొకటి. పక్క గదివాడు చేరితే ఇక చెప్పేదేముంది, గొర్రెదాటే!

ఇంతకీ కొన్నదేమిటి? 2023లో ఢిల్లీ హైకోర్టుకెక్కిన ఓ కేసు దీన్ని తేటతెల్లం చేసింది. ఎన్‌ఎఫ్‌టీ కార్డులమ్మే రారియో, అప్పట్లో ఆర్సీబీకి ఆడుతున్న సిరాజ్, హర్షల్ పటేల్ తదితరులతో కలిసి, బెంగళూరుకు చెందిన ఎంపీఎల్ వారి 'స్ట్రైకర్' యాప్‌పై కేసు వేసింది. స్ట్రైకర్ తమ అనుమతి లేకుండా ఆటగాళ్ల పేర్లు, బొమ్మలు వాడుతోందన్నది ఫిర్యాదు. ఆ ఏడాది ఏప్రిల్ 26న కోర్టు మధ్యంతర నిషేధానికి ఒప్పుకోలేదు. ఆటగాళ్ల పేర్లు, గణాంకాలు జనానికి తెలిసిన సమాచారమేననీ, ఎన్‌ఎఫ్‌టీ టెక్నాలజీ ఏ ఒక్కరి సొత్తూ కాదనీ తేల్చింది.

అంటే 'అరుదైన' సిరాజ్ కార్డు ఆ యాప్‌లోనే అరుదు. పక్క యాప్‌లో ఇంకో సిరాజ్ పుట్టొచ్చు. కార్డు ఎవరి పేరున ఉందో బ్లాక్‌చెయిన్ చిట్టా చెబుతుంది. రేపు దాన్ని కొనేవాడున్నాడో లేడో చెప్పదు. ట్విట్టర్ వ్యవస్థాపకుడు జాక్ డోర్సీ తొలి ట్వీట్ ఎన్‌ఎఫ్‌టీ 2021లో 29 లక్షల డాలర్లు పలికింది. 2022 ఏప్రిల్‌లో మళ్లీ అమ్మకానికి పెడితే మొదట్లో వచ్చిన పెద్ద పాట 300 డాలర్లు కూడా లేదు. అదే నెల నుంచి మన దేశంలో డిజిటల్ ఆస్తుల లాభంపై 30 శాతం పన్ను మొదలైంది. ఒకదానిలో నష్టపోతే ఇంకోదాని లాభంలో తగ్గించుకునే వీలూ లేదు.

అభిమానంతో కొనడం తప్పు కాదు. దాన్ని సినిమా టికెట్టు ఖర్చులా చూసుకుంటే చాలు. ఊళ్లో అమ్మానాన్నలకు పంపాల్సిన జీతాన్ని 'పెట్టుబడి' పేరుతో అందులో పోస్తేనే చిక్కు. ఈ విషయంలో కంపెనీల బాధ్యతా ఉంది. కార్డుతో పాటు కొన్నవారికి ఏ హక్కులొస్తాయి, యాప్ మూతపడితే కార్డు ఏమవుతుంది.. ఈ రెండు ముక్కలూ కొనే బటన్ పక్కనే తెలుగులో, కన్నడలో రాయాలి. అది రాయని యాప్‌లో డబ్బు పెట్టకపోవడమే మేలు.