సంపాదకుని మాట: పూటలో పంటి క్యాప్

శంషాబాద్‌లో దిగే విమానాల్లో చాలావాటికి లీప్ ఇంజన్లు ఉంటాయి. వాటిలో ఇంధనం చిమ్మే నాజిల్ మొనను కోబాల్ట్-క్రోమియం పొడిని లేజర్‌తో పొరపొరగా కరిగించి ముద్రిస్తారు. ఒకప్పుడు ఇరవై ముక్కలు అతికిస్తే తయారయ్యేది, ఇప్పుడు ఒకటే ముక్క. ఆ ఇంజన్లను బాగుచేసే సఫ్రాన్ కంపెనీ కేంద్రం 2025 నవంబరులో ఈ విమానాశ్రయం పక్కనే ప్రారంభోత్సవం జరుపుకుంది.

పళ్ల సంచికలో ఇంజన్ల గోలేమిటంటారా? పింగాణీ క్యాప్ లోపలి లోహపు తొడుగునూ, తీసి పెట్టుకునే కట్టుడు పళ్ల చట్రాన్నీ డెంటల్ ల్యాబులు అదే జాతి లోహంతో, అదే పద్ధతిలో చేస్తున్నాయి. మైనం చెక్కి పోత పోసే శ్రమ తగ్గింది. ఇందులో పేచీ లేదు.

పేచీ అంతా రెజిన్ క్యాప్‌తోనే. సిరామిక్ రేణువులు కలిపిన ద్రవాన్ని వెలుగుతో పొరలుగా గట్టిపరచి, ఆల్కహాల్‌లో కడిగి, మళ్లీ కాంతిపెట్టెలో ఉంచుతారు. పూటలో పని అయిపోతుంది. తిరుగు టికెట్ చేతిలో పట్టుకుని వచ్చే దుబాయి, అమెరికా వాళ్లకు అంతకన్నా ఏం కావాలి! కానీ సీసా మీద 'పర్మనెంట్' అని ఉన్నంత మాత్రాన జిర్కోనియా క్యాప్‌కున్న బలం దానికి రాదు, అరుగుదలా ఎక్కువే. పదిహేనేళ్లు నోట్లో నలిగాక ఎలా ఉంటుందో చెప్పేటంత పాతదీ కాదు. దవడ పంటికి వేయించుకునేవారు పదార్థం పేరు బిల్లు మీద రాయించుకోండి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే డాక్టరుకు ముందే చెప్పండి.