పొరుగువాని తలంపు

రాజ్యముల మైత్రి సంధిపత్రములపై వ్రాయబడును. నిలుచుట మాత్రము ప్రజల మనస్సులందు. ఒకరు చేసినది యొకటియు, రెండవవారికి తోచినది వేరొకటియు నైనప్పుడు తోచినదే కార్యములను నడపును. ఇందుకు భారత నేపాళముల సంబంధమే నిదర్శనము.

1950 జూలై 31వ తేదీన ఖాట్మండులో శాంతి మైత్రీ సంధి జరిగెను. నివాసమునందును, ఆస్తిసంపాదనమునందును, వర్తకమునందును ఒకరి దేశమున నొకరికి హక్కులు కలిగెను. ఇది ఔదార్యమని మన తలంపు. నేపాళీయుల తలంపు వేరు. వారి పక్షమున ప్రధానియగు మోహన శంషేర్ రాణా సంతకము చేయగా, మన పక్షమున రాయబారి చేసెను. సమానుల నడుమ సంధి యిట్లుండునా యని వారి ప్రశ్న. రాణాల పాలన మరుసటి యేడే ముగిసినను ఆ ప్రశ్న నేటికిని చల్లారలేదు.

2015 సంవత్సరమును చూడుడు. ఏప్రిల్ 25న భూకంపమున దాదాపు 9,000 మంది మరణించిరి. కొన్ని గంటలలోనే మన విమానములు సాయముతో నచట దిగెను. సెప్టెంబరు 20న నేపాళము నూతన రాజ్యాంగమును ప్రకటించెను. తమకు న్యాయము జరుగలేదని మధేశీయులు సరిహద్దు మార్గముల నడ్డగించిరి. పెట్రోలు, వంటగ్యాసు, ఔషధములు నెలల తరబడి కొరవడెను. ఇది వారి యింటి కలహమని ఢిల్లీ చెప్పెను. భారతదేశమే దిగ్బంధము చేసినదని ఖాట్మండు నమ్మెను. పొయ్యి వెలుగని యింటివారు ప్రభుత్వ ప్రకటనలను చదువుచు కూర్చుండరు. వేసవినాటి కృతజ్ఞత చలికాలమునకు కరగిపోయెను. 2016 మార్చిలో నేపాళము చైనాతో రవాణా ఒడంబడిక చేసికొనెను.

దోషమంతయు మనదేయని మేమనుట లేదు. మధేశీయుల వేదన సత్యము. అచటి నాయకులు ఓట్లకొరకు భారతవిముఖతను వాడుకొనుటయు సత్యమే. అయినను పెద్దరాజ్యమునకు విశేషధర్మ మొకటి కలదు: చిన్నవాని యనుమానమును తృణీకరింపరాదు. మనలను పాలించిన ఆంగ్లేయులును తమ చేతలన్నియు మన మేలుకొరకే యనుచుండిరి. ఆ మాట మన చెవుల కెట్లుండెనో మనము మరువదగునా?

సంబంధములను పునర్విమర్శించుటకు ఉభయ ప్రభుత్వములు 2016లో నియమించిన ప్రముఖుల సంఘము 2018లో నివేదికను సిద్ధపరచెను. ప్రధానులు దానిని స్వీకరింపకయే యేండ్లు గడచెను. వినుట వేరు, అంగీకరించుట వేరు. విన్నంతమాత్రమున నెవరి గౌరవమును తగ్గదు. 2019లో మోతిహారినుండి అమలేఖ్‌గంజ్‌వరకు 69 కిలోమీటర్ల చమురుగొట్టము ప్రారంభమైనది. అది మంచిపని. కాని గొట్టము చమురును మోయును గాని విశ్వాసమును మోయదు. దానికి సమభావముతోడి సంభాషణమే మార్గము.