చంపేది విషం ఒక్కటే కాదు, ఆలస్యం కూడా



మా అమ్మాయి వాళ్లు ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ శివార్లలో ఇల్లు తీసుకున్నారు. పోయినేడు చూడ్డానికి వెళ్లాను. మొదటి రోజే "నాన్నా, పెరట్లోకి చెప్పుల్లేకుండా వెళ్లకు, పాములుంటాయి" అంది. నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లు చీకట్లో ఉత్త కాళ్లతో గట్ల మీద తిరిగి నీళ్లు కట్టినోడికా చెప్పేది అనుకున్నా.

వారం తిరక్కుండానే కంచె పక్కన గోధుమ రంగు పాము కనపడింది. నేను కర్ర వెతుకుతుంటే అల్లుడు వెనక్కి లాగాడు. అక్కడ పామును చంపితే నేరమట. ఫోన్ చేస్తే పాములు పట్టేవాడొచ్చి, డబ్బులు తీసుకుని, పట్టుకుపోయాడు. దాని పేరు ఈస్టర్న్ బ్రౌన్. విషంలో మన నాగుపామును మించింది.

అయినా ఆ దేశం మొత్తమ్మీద పాము కరిచి పోయేది ఏడాదికి ఇద్దరో ముగ్గురో. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా లెక్క తీస్తే ఏడాదికి సగటున 58 వేల మంది. జనాభాలో మనం వాళ్లకి యాభై రెట్లు. చావుల్లో వేల రెట్లు! వాళ్లలో మనలా చేలో వంగి పనిచేసేవాళ్లు తక్కువే, ఒప్పుకుంటా. కానీ తేడా అంతా అదే కాదు. అక్కడ కరిస్తే మనిషిని కదలనివ్వరు, అంబులెన్స్ పిలుస్తారు, నేరుగా ఆసుపత్రికే.

మా పక్క చేను కౌలు రైతుని కట్లపాము కరిచింది. నొప్పి పెద్దగా లేదని తెల్లారేదాకా ఆగాడు. తర్వాత మంత్రం. ఆసుపత్రికి చేరేసరికి ఊపిరి అందలేదు. ఇద్దరు చిన్నపిల్లలు. ఆ రోజు మంత్రం దగ్గరికి తీసుకెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నా.

అక్కడ కాలికి కట్టు చుడతారు. అది చూసి మనం తాడు బిగించొద్దు. రక్తపింజర కాటుకి బిగిస్తే కాలే పోవచ్చు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. పాము కరిచాక వెతుక్కోవడం కాదు, మీ దగ్గరి ఆసుపత్రిలో పాముకాటు ఇంజెక్షన్ ఉందో లేదో ఈ వారమే వెళ్లి అడగండి. లేకపోతే ఎక్కడుందో తెలుసుకుని ఇంట్లో అందరికీ చెప్పండి. రాత్రి చేలోకి పోతే టార్చిలైటు, బూట్లు మర్చిపోకండి. 

నేను తిరిగొచ్చాక చేసిన మొదటి పని బూట్లు కొనడం. ఊళ్లో నవ్వుతున్నారు. నవ్వనీండి.