ఉచిత బిల్డు ఎన్నాళ్లు? – ఐటీ శాఖకు బహిరంగ లేఖ

రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి గారికి,

ప్రజాధనంతో తయారయ్యే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను, కోడ్ మారిన ప్రతిసారీ దానంతటదే బిల్డు చేసి పరీక్షించే ఏర్పాటు ఎక్కడ ఉండాలన్నది గుత్తేదారుకు వదిలేసే విషయం కాదు. ఉచితంగా దొరికేది చాలనుకుంటే ట్రావిస్ సీఐ అనే బిల్డు సేవ సంగతి చూడండి. ఓపెన్ సోర్స్‌కు ఏళ్ల తరబడి ఉచితంగా పనిచేసి, 2020 నవంబరులో ఆ ఉచితానికి పరిమితి పెట్టింది. 2021 జూన్‌లో ఓపెన్ సోర్స్ కోసం నడిపిన పాత సైటునే మూసేసింది. అదే ఏడాది మరో కోడ్ వేదిక గిట్‌ల్యాబ్, ఉచిత యంత్రాలపై క్రిప్టో కరెన్సీ తవ్వేవాళ్ల బెడద పడలేక, తన యంత్రాలపై బిల్డు నడపాలంటే కొత్త ఉచిత ఖాతాలను బ్యాంకు కార్డు అడగడం మొదలుపెట్టింది. డబ్బు తీసుకోదు, నిజమే. కానీ కొత్తపల్లెలో కోడ్ రాసే డిగ్రీ విద్యార్థి దగ్గర విదేశీ సైటు ఒప్పుకునే కార్డు ఉంటుందా?

అలాగని గిట్‌హబ్ వారి బిల్డు సేవ యాక్షన్స్‌ను వద్దనడం లేదు. పబ్లిక్ కోడ్‌కు అది ఉచితం, వాడుకోవచ్చు. అయితే బిల్డు మెట్లన్నీ మామూలు షెల్ స్క్రిప్టులో ఉండాలి, వేదిక దాన్ని పిలిస్తే చాలు. అప్పుడు మకాం మార్చడం తేలిక. రెండో వేదికగా రాష్ట్ర డేటా సెంటర్‌లో గిట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌నో జెంకిన్స్‌నో సొంతంగా నడపాలి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ ‘స్వేచ్ఛ’ సొంత గిట్‌ల్యాబ్ నడుపుతూనే ఉంది. బయటివాళ్ల కోడ్‌ను ప్రభుత్వ యంత్రాలపై నడపడం ప్రమాదం కదా అంటారు. గట్టి అభ్యంతరమే. అందుకే పరీక్ష యంత్రాలను అసలు నెట్‌వర్క్‌కు దూరంగా పెట్టి, పని అయిన వెంటనే చెరిపేయాలి. కొత్తవారి మార్పును మనిషి చూశాకే నడపాలి. ఇక పరీక్షల్లో తెలుగు ఉండి తీరాలి: పన్ను రసీదు పీడీఎఫ్‌ను ముందు దాచిన బొమ్మతో పోల్చి, ‘లక్ష్మి’లో ఒత్తు విడిపోతే బిల్డు అక్కడే ఆగాలి. ఈ షరతులను వచ్చే టెండరులోనే రాయించండి.

ఇట్లు,
ఒక ప్రోగ్రామర్,
కొత్తపల్లె, నంద్యాల జిల్లా