ఇంట గెలిచినా కూడు రచ్చలోనే

డయానా టౌరాసి పేరెత్తగానే 2015ను గుర్తుచేసి పెదవి విరిచేవారు ఇప్పటికీ ఉన్నారు. అంతకు ముందటి ఏడాదే ఫీనిక్స్ మెర్క్యురీ జట్టుకు అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగు కిరీటం తెచ్చిపెట్టిన మనిషి, రష్యా డబ్బుకు ఆశపడి ఆ వేసవంతా ఆడక కూర్చున్నదని వారి అభియోగం. కూర్చున్న మాట నిజమే. అభియోగమే అన్యాయం.

లెక్క చూడండి. ఆనాడు లీగులో ఎంతటి క్రీడాకారిణికైనా గరిష్ఠ వేతనం దాదాపు 1,07,000 డాలర్లు. యెకాతెరిన్‌బర్గ్ క్లబ్బు శీతాకాలపు ఆటకు ఆమెకు ఇస్తున్నది సుమారు 15 లక్షల డాలర్లు. వేసవిలో విశ్రాంతి తీసుకో, అక్కడ పోయే జీతం కంటే ఎక్కువే మేమిస్తాం అన్నది ఆ క్లబ్బే. 2004 నుంచి వేసవి అమెరికాలో, శీతాకాలం ఐరోపాలో, మధ్యలో ఒలింపిక్స్. మోకాళ్లకు సెలవన్నది ఎరగని మనిషి 32వ ఏట ఆ మాట విన్నది. కాదనవలసిన బాధ్యత ఆమెకే ఎందుకుండాలి? ఆటగత్తెల పోషణభారం పరాయి దేశాల మీద పడవేసి, వేసవి మాత్రం మాదే అనుకున్న లీగును ఎవరూ ద్రోహి అనలేదు.

ఆ పోషణ ఎటువంటిదో కూడా చూడాలి. ఆమె ఆడిన మాస్కో స్పార్టక్ జట్టు యజమాని షబ్తాయ్ కల్మనోవిచ్‌ను 2009 నవంబరులో నడివీథిలో, కారులో కాల్చి చంపారు. 2010 చివర టర్కీలో ఆమె నిషిద్ధ మందు వాడినట్టు పరీక్షలో తేలిందన్నారు. క్లబ్బు ఒప్పందం రద్దు చేసింది. 2011 ఫిబ్రవరిలో ప్రయోగశాల తన ఫలితాన్ని తానే వెనక్కి తీసుకుంది. 2019లో బ్రియానా స్టీవర్ట్ హంగరీలో రష్యా క్లబ్బు తరఫున ఆడుతూ మడమ నరం తెంచుకున్నది. స్వదేశపు సీజను మొత్తం పోయింది. ఇక 2022లో బ్రిట్నీ గ్రైనర్. మాస్కో విమానాశ్రయంలో సామానులో గంజాయి నూనె దొరికిందని తొమ్మిదేళ్ల శిక్ష వేశారు. ఖైదీల మార్పిడి జరిగేదాకా దాదాపు పది నెలల నిర్బంధం. అప్పుడు కూడా "అక్కడికెందుకు వెళ్లింది?" అని అడిగారు గాని, ఎందుకు వెళ్లవలసి వచ్చిందని అడిగినవారు తక్కువ.

చూసేవారు లేరు, అందుకే జీతం లేదు, ఇది బజారు నీతి అంటారు కొందరు పెద్దలు. రష్యా సొమ్ము బజారు సొమ్ము కాదు, ధనికుల దాతృత్వమే, ఒప్పుకుంటాను. కాని పురుషుల లీగు మాత్రం పుట్టిన నాడే బజారును గెలిచిందా? 1946లో పుట్టిన ఆ లీగుకు 34 ఏళ్లు నిండిన 1980లో కూడా, మేజిక్ జాన్సన్ కిరీటం గెలిచిన ఆటను అమెరికాలో చాలాచోట్ల అర్ధరాత్రి రికార్డు వేసి చూపారు. దాన్ని ఎవరూ మగవారి అసమర్థతగా లెక్కగట్టలేదు. ఓపిక పట్టారు, పెట్టుబడి పెట్టారు. 1997లో తొలి ఆట ఆడిన మహిళల లీగు మాత్రం ఏటేటా తన బతుకుకు సంజాయిషీ చెప్పుకోవాలి. 2024లో అదే లీగుకు 11 ఏళ్ల ప్రసార హక్కులకు సుమారు 220 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదే స్టేడియాలు నింపిన కెయిట్లిన్ క్లార్క్ తొలి జీతం 76,535 డాలర్లు! బజారు నీతి వల్లించిన పెద్దలు ఈ అంకె దగ్గర ఎందుకో మౌనం వహించారు.

డయానా ఆరు ఒలింపిక్ స్వర్ణాలతో, లీగులో 10,646 పాయింట్లతో 2025 ఫిబ్రవరిలో ఆట విరమించింది. దానికి నెల ముందు మయామీలో, శీతాకాలంలోనే, స్వదేశంలోనే, సగటున రెండు లక్షల డాలర్లకు పైగా జీతంతో ఒక కొత్త మహిళల లీగు మొదలైంది. దాన్ని స్థాపించినది పాత లీగు కాదు. హంగరీలో మడమ తెగిన స్టీవర్ట్, ఆమె తోటి క్రీడాకారిణి నఫీసా కోలియర్.