ఫీజు ఎందుకు పోలే?

మా ఊరు నారాయణపేటకు దగ్గరే. పోయిన ఎండాకాలం సెలవుల్లో, నేను ఇంటికి పోయిన మూడో రోజు పొద్దున, మా బర్రె బోరు కాడ చచ్చిపోయింది. స్టార్టర్ డబ్బా బిగించిన ఇనుప స్టాండుకు మెడ రాసుకుంది. అంతే. బట్టల మూటతో అమ్మ దాని వెనకాల పది అడుగుల దూరంలో ఉంది.

తర్వాత చూస్తే సంగతి తెలిసింది. డబ్బాలోకి వైరు పోయే రంధ్రం దగ్గర రేకు అంచు ఒరుసుకొని ఒరుసుకొని పైతొడుగు తెగింది. లోపలి తీగ రేకును తాకింది. డబ్బా, స్టాండు అన్నీ కరెంటే.

సాయంత్రం నాయన అడిగిండు: "బిడ్డా, మూడేండ్ల సంది కరెంటు సదువు సదువుతున్నవ్ గద. ఎర్తు వైరు కూడ కట్టే ఉన్నది. మరి ఫీజు ఎందుకు పోలే?"

నా దగ్గర జవాబు లేదు. ఎలక్ట్రికల్ మెటీరియల్స్ సబ్జెక్టులో నాకు మంచి మార్కులే వచ్చాయి. రాగి విశిష్ట నిరోధం 1.68×10⁻⁸ ఓమ్-మీటర్లు, అల్యూమినియంది 2.65×10⁻⁸ అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఒకే నిరోధం కావాలంటే అల్యూమినియం తీగ లావుగా ఉండాలి, అయినా బరువు రాగిలో సగమే, అందుకే స్తంభాల మీద అదే ఉంటుందని కూడా రాస్తాను. కానీ మా నాయన అడిగింది రాగి గురించి కాదు. మట్టి గురించి. నేను చదివిన పట్టికలో మట్టి లేదు.

ఆ రాత్రి కాగితం ముందేసుకొని కూర్చున్నాను. మా ఎర్తు అంటే చలక నేలలో రెండు అడుగుల లోతు కొట్టిన ఇనుప కడ్డీ. తడి రేగడి విశిష్ట నిరోధం సుమారు 10 ఓమ్-మీటర్లు ఉండొచ్చు. అదే ఎండిన రాళ్ల నేల అయితే వెయ్యి కూడా దాటొచ్చు. తడి రేగడినే తీసుకున్నా రాగి కంటే దాదాపు అరవై కోట్ల రెట్లు ఎక్కువ. అయినా భూమి పనికొస్తుంది. ఎందుకంటే నిరోధం పొడవును బట్టి పెరుగుతుంది, వైశాల్యాన్ని బట్టి తగ్గుతుంది. కడ్డీ నుంచి దూరం పోయేకొద్దీ కరెంటుకు దొరికే దారి వెడల్పవుతుంది. కష్టమంతా కడ్డీ చుట్టూ ఉన్న కొద్ది మీటర్ల మట్టిలోనే. ఆ మట్టి ఎండితే ఎర్తు ఎండినట్టే.

మా పొట్టి కడ్డీకి ఎండాకాలంలో కొన్ని వందల ఓములు సులువుగా ఉంటాయి. లెక్క తేలికగా ఉండటానికి మొత్తం దారికి 230 ఓములు అనుకుందాం. ఫేజుకు, భూమికి మధ్య 230 వోల్టులు. అంటే భూమిలోకి పోయే కరెంటు 1 ఆంపియర్. ఐదు హెచ్‌పీ మోటారే 7 ఆంపియర్ల పైన తీసుకుంటుంది. దానికి తగ్గ ఫీజుకు ఈ ఒక్క ఆంపియర్ లెక్కలోకే రాదు. ఫీజు పోదు, డబ్బా మీద దాదాపు మొత్తం వోల్టేజీ అట్లనే నిలబడి ఉంటుంది. తడి కాళ్లతో తాకిన మనిషి ప్రాణానికి ఒక ఆంపియర్‌లో ఇరవయ్యో వంతు కరెంటు కూడా ప్రమాదమే.

అంటే మా ఫీజు తప్పు చేయలేదు. ఫీజు కాపాడేది వైర్లను. మనిషిని కాపాడమని దాన్ని ఎవరూ తయారు చేయలేదు.

ఇంకో మాట. కడ్డీ బదులు మూడు మీటర్ల పైపు దించి, బొగ్గు, ఉప్పు పోసి, నీళ్లు పెడితే నిరోధం చాలా తగ్గుతుంది. మన దేశపు ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043 ఈ పద్ధతులన్నీ వివరిస్తుంది. కానీ 100 ఓమ్-మీటర్ల నేలలో ఆ పైపుకు కూడా సుమారు 30 ఓములు ఉంటుంది. అంటే 7, 8 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫీజు అప్పుడు కూడా పోదు! అందుకే మంచి ఎర్తుతో పాటు లీకేజీని పసిగట్టి ఆపే ఆర్‌సీసీబీ కావాలి. పోయిన కరెంటు, వచ్చిన కరెంటు సమానంగా లేకపోతే, తేడా 30 మిల్లీ ఆంపియర్లయినా సరే, అది లైన్ కట్ చేస్తుంది. మా బోరు కాడ అది ఉంటే తీగ రేకును తాకిన క్షణమే మోటారు ఆగేది. బర్రె బతికేది.

నా అభిప్రాయం ఇదే: మెటీరియల్స్ పాఠం రాగితో కాదు, మట్టితో మొదలు కావాలి. మన జిల్లాలోనే రెండు రకాల నేలలున్నాయి. కృష్ణ తెలంగాణలోకి అడుగుపెట్టే తంగిడి వైపు నల్లరేగడి, ఇటు పేట చుట్టుపక్కల రాళ్లు, చలకలు. ఇంతకంటే మంచి ల్యాబ్ ఎక్కడ దొరుకుతుంది?

ఇన్సులేటర్ పాఠం కూడా అంతే. 1831 ఆగస్టు 29న ఫారడే ఇనుప రింగుకు రాగి తీగ చుట్టినప్పుడు, చుట్టు చుట్టుకూ మధ్య పెట్టింది పురికొస, కాలికో అనే నూలుబట్ట. ఆ బట్టకు పేరు వచ్చింది మన కోళికోడ్ నుంచే. ఆ తర్వాత చాలాకాలం మోటారు తీగలకు నూలు, పట్టు దారాలే చుట్టారు. ఇప్పటికీ వార్నిష్ పట్టించని నూలు, పట్టు 'వై' తరగతి ఇన్సులేషన్ కిందికి వస్తాయి, 90 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. పేటలో చీరలు నేసే సరుకే ఇది! వాటిలోకి తేమ చేరితే ఇన్సులేషన్ గుణం పడిపోతుందని చెప్తే మగ్గం ముందు పెరిగిన పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

"ఇది లైన్‌మన్ చూసుకునే పని, మనకెందుకు?" అని మా క్లాసులో ఒకరన్నారు. "ఇన్నేండ్ల సంది ఇట్లనే నడుస్తున్నది, ఏం కాలే" అని ఊర్లో చాలామంది అన్నారు. రెండూ ఒకటే మాట. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అన్నారు. కరెంటు ఎక్కువ సేపు ఉంటే డబ్బా మీద చెయ్యి పడే గంటలూ పెరుగుతాయి. ఊరి గురించి తెలిసిన ఇంజినీరు మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడాలి?

సాహిత్య క్లబ్బు పత్రికలో ఈ లెక్కలెందుకు అంటారేమో. నాయనకు జవాబు చెప్పబోతే నాకు అడ్డమొచ్చింది లెక్క కాదు, భాష. 'విశిష్ట నిరోధం' అంటే ఆయన మొఖం చూసిండు. "నేల ఎండితే కరెంటు దిగదు నాయనా, దిగకపోతే ఫీజుకు తెల్వదు" అంటే ఒక్కసారికే అర్థమైంది. ఇట్లాంటి నాలుగు వాక్యాలతో ఒక చీటీ రాసి ప్రతి స్టార్టర్ డబ్బా లోపల అంటించొచ్చు. అది మన క్లబ్బు పని.

ఈ సెలవులకు మన డిపార్ట్‌మెంట్‌లోని ఎర్త్ టెస్టర్‌ను అడిగి తీసుకుపోదాం. ఒక్కొక్కరం ఒక్క బోరు కాడ కొలుద్దాం. ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి. ఆ అంకెలు ఇదే పత్రికలో వేద్దాం.

మా బోరు కాడ ఇప్పుడు పైపు ఎర్తు ఉంది, ఆర్‌సీసీబీ ఉంది, వైరు పోయే రంధ్రానికి రబ్బరు వాషరు ఉంది. అమ్మ మాత్రం ఇంకా ఆ స్టాండుకు నాలుగడుగులు పక్కగానే నడుస్తుంది.